చింతచెట్టు మిగిల్చిన పిడి

గడ్డం గీసుకునే రేజరు పిడిని గురించి కూడా ఒక వ్యాసమా అని పాఠకులు నవ్వుకోవచ్చును. నవ్వినా సరే, చివరిదాకా చదవమని మనవి.

నందికొండ దిగువన మా ఊరి మొదట ఒక చింతచెట్టు ఉండేది. మా నాయన పడుచుతనంలో ఊరి క్షురకుడు దాని నీడనే కత్తి నూరుకొని కూర్చునేవాడట. నాయనకు మొదటిసారి గడ్డం గీసింది అక్కడే. రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆ చెట్టు పోయింది. మొదలు దగ్గరి ముక్కలు కొన్ని నేను ఇంటికి తెచ్చి పెట్టుకున్నాను.

ఇప్పుడు నాయనకు ఎనభై దాటినవి. చేయి కొంచెం వణుకుతుంది. సన్నని ఇనుప పిడి సబ్బు చేతిలో జారిపోతున్నది. "ఇంక ఒకరిచేత గీయించుకునే గతి పట్టింది గదరా" అని ఆయన అన్నమాట నాకు గుచ్చుకున్నది. లావుపాటి కొయ్యపిడి ఉంటే పట్టు దొరుకుతుందని తోచింది. చింతముక్కలు ఉండనే ఉన్నవి.

అయితే కొయ్యకూ నీళ్లకూ పడదు. కొయ్య తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుంటుంది. రోజూ ఇదే జరిగితే పగులు తప్పదు. లక్క పూయవచ్చును గదా అంటారా? చన్నపట్నం బొమ్మలకూ, ఏటికొప్పాక బొమ్మలకూ లక్కే అందం. కన్నడంలో ఆలెమర అన్నా, ఆంధ్రలో అంకుడు అన్నా ఆ బొమ్మల చెట్టు ఒక్కటే. కాని లక్క పైపూత మాత్రమే. వేడినీటికీ, సబ్బులోని క్షారానికీ నిలువదు.

కనుక రక్షణ కొయ్య లోపలికే పోవాలి. ఇది కొత్త ఆలోచన కాదు. స్వీడను దేశపు 'వాసా' అనే యుద్ధనౌక 1628లో మొదటి ప్రయాణంలోనే మునిగి, 1961లో పైకి వచ్చింది. నానిన కొయ్య ఆరితే చీలిపోతుందని, పాలీఎథిలీన్ గ్లైకాల్ అనే మైనం వంటి ద్రవ్యాన్ని 17 ఏళ్లపాటు దానిపై చల్లారు. అది నీటిలో కరిగేది గనుక రేజరుకు పనికిరాదు. పిడులకు వాడేది వేడికి గట్టిపడే మెథాక్రిలేటు జాతి రెజిన్.

పద్ధతి ఇది. కొయ్యముక్కను రెజిన్‌లో ముంచి, తేలకుండా బరువు పెట్టి, పాత్రలోని గాలిని పంపుతో తోడివేయాలి. కొయ్యలోని సన్నని నాళాల నుండి గాలి బుడగలై వస్తుంది. బుడగలు ఆగిన తరువాత గాలిని మళ్లీ వదిలితే, బయటి ఒత్తిడి రెజిన్‌ను ఆ ఖాళీలలోకి నెట్టుతుంది. మరి కొన్ని గంటలు నాననిచ్చి, రేకు చుట్టి, సుమారు 90 డిగ్రీల వేడిలో ఉంచితే లోపలంతా గట్టిపడుతుంది.

చెప్పడం సులభం. నేను రెండుసార్లు చెడగొట్టాను. నాలుగు నెలలు ఎండిన ముక్క చాలుననుకోవడం మొదటి తప్పు. లోపల తడి ఉంటే రెజిన్‌కు చోటెక్కడిది? 105 డిగ్రీల వేడిలో, తూకం ఇక తగ్గదు అనేదాకా ఆరబెట్టి, మూతపెట్టి చల్లార్చాలని తరువాత తెలిసింది. ముదురు రంగు చేవ భాగాన్ని ఏరుకోవడం రెండవ తప్పు. చేవగల కొయ్యే మేలని మన పెద్దలు అంటారు. దూలానికి అది నిజమే. కాని దట్టమైన చేవ రెజిన్‌ను తాగదు. బూజు పట్టి నల్లని గీతలు తేలి, గోటితో గిల్లితే గుంటపడే తెల్లని ముక్క ఒకటి పారవేయబోయి ఆగాను. మూడవసారి అదే పనికివచ్చింది!

చింతామణిలో లేతు పట్టే ఒక పనివాడు దాన్ని తిప్పి పెట్టాడు. నున్నగా తిరిగి, నల్లని గీతలు సన్నని ముగ్గులాగ మెరిసినవి. "ఇది చింతేనా సామీ?" అని రెండుసార్లు అడిగాడు.

చేయదలచిన వారికి రెండు హెచ్చరికలు. రెజిన్‌ను వట్టిచేత్తో తాకవద్దు. వంట చేసే పొయ్యిలో కాల్చవద్దు. గాలి వచ్చే చోటనే పని చేయండి. తిప్పేటప్పుడు లేచే ధూళి ఊపిరితిత్తులకు చెరుపు గనుక ముక్కుకు గుడ్డ కాక మంచి మాస్కు తొడగండి. ఇక, ఇంతచేసినా కొయ్య కొయ్యే. వాడిన తరువాత తుడిచి ఆరబెట్టవలసిందే.

మొన్న ఉదయం నాయన అద్దం ముందు కూర్చుని తానే గడ్డం గీసుకున్నారు. గడ్డం కింద రెండుచోట్ల వెంట్రుకలు మిగిలినవి. నేను చూడనట్లే ఊరుకున్నాను. ఆయన పిడిని పంచె చెంగుతో తుడిచి, కిటికీలో ఎండ తగిలేచోట పెట్టి, "దీన్ని నీళ్లచెంబులో వేయవద్దని మీ అమ్మకు చెప్పు" అన్నారు.