రద్దీ రోడ్డుపై సైకిల్ - మన జాగ్రత్త

మన హాస్టల్ విద్యార్థుల్లో చాలామందికి సైకిలే బస్సు, సైకిలే ఆటో. హైదరాబాదులో దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ మీదుగా సాగే విజయవాడ రోడ్డు వంటి చోట్ల ఎడమ అంచున పోతే చాలు, ఏమీ కాదనుకుంటాం. కానీ ఆ అంచునా ప్రమాదం పొంచి ఉంటుంది.

1. స్టాపులో ఆగిన బస్సుకూ ఫుట్‌పాత్‌కూ మధ్య సందులోకి దూరరాదు. అక్కడున్న సైకిల్ డ్రైవరుకు అద్దంలో కనిపించకపోవచ్చు. పెద్ద బండి ఎడమకు తిరిగితే వెనుక చక్రాలు ముందు చక్రాలకంటే లోపలికి వస్తాయి.

2. ఆగి ఉన్న కార్లకు మీటరు దూరంగా పోవాలి. ఎప్పుడు తలుపు తెరుస్తారో తెలియదు.

3. గంటకు 40 కి.మీ. వేగంతో వచ్చే బండి ఒక్క సెకనులో 11 మీటర్లు దాటుతుంది. అందుకే వెనక్కి చూసి, చెయ్యి చూపాకే తిరగాలి. పెద్ద కూడలిలో దిగి, సైకిల్‌ను నడిపించుకుంటూ దాటడం మేలు.

4. యూటర్న్ దూరమని రాంగ్ సైడులో వెళితే ఇద్దరి వేగాలూ కలిసి దెబ్బ పెద్దదవుతుంది.

5. రిఫ్లెక్టరు వెలుతురు పడితేనే మెరుస్తుంది. రాత్రిపూట లైటు కూడా ఉండాలి.

2023లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కి.మీ. సైకిల్ ట్రాక్ ప్రారంభమైంది. మనం కాలేజీకి వెళ్ళే దారి అది కాదు. మన దారిలో బస్సులు, లారీలు ఉంటాయి. కాబట్టి మిత్రులారా! డ్రైవరుకు కనబడేలా, మన కదలిక ముందే తెలిసేలా నడుపుదాం. కూలి చేసి చదివిస్తున్న అమ్మానాన్నలు ఎదురుచూసేది మన మార్కుల కోసమే కాదు, మన కోసం!