రంపం మిషనుకు మన కొలిమిలో విడిభాగాలు
ఏది చేయించుకోవచ్చు? ఏది చేయించరాదు?

ఉదయగిరి: జామాయిల్ తోట కోతకు వచ్చినా, గాలివానకు కూలిన వేపచెట్టు దారికి అడ్డం పడినా, బీడు నేలలో అల్లుకుపోయిన సర్కారు తుమ్మను తీయించవలసి వచ్చినా మెట్ట రైతుకు ఇప్పుడు ముందుగా గుర్తుకు వచ్చేది గొడ్డలి కాదు, పెట్రోలు రంపం మిషను. నలుగురు మనుషులు పూటంతా కొట్టే మానును ఒక్క మనిషి కొద్దిసేపట్లో కోసి పడవేస్తాడు. అయితే ఆ మిషనుకు ఒక చిన్న భాగం విరిగిందంటే పని మొత్తం నిలిచిపోతుంది. ఉదయగిరి నుంచి నెల్లూరు సుమారు 100 కిలోమీటర్లు. ఒక్క బోల్టు కోసం బస్సెక్కి పోయి రావడానికి రోజు గడిచిపోతుంది. ఆ రోజు మిషను యజమానికి బాడుగ లేదు, వెంట వచ్చిన కూలీలకు కూలి లేదు.

అందుకే చాలామంది విరిగిన ముక్కను గుడ్డలో చుట్టుకొని దగ్గరలోని లేతు షాపుకో, వెల్డింగు షాపుకో, కొలిమికో పోతారు. ట్రాక్టరు పిన్నులు, బోరు మోటారు షాఫ్టులు, నాగలి కర్రులు చేసే చేతులకు రంపం మిషను ముక్క పెద్ద పని కాదు. కాని అన్ని ముక్కలూ ఒకటి కావు. కొన్ని ఊళ్ళో చేయించుకొంటే కంపెనీ సరుకు కంటే మన పనికి బాగా కుదురుతాయి. మరికొన్ని చేయిస్తే కాలో, కన్నో, ప్రాణమో పోతుంది. ఈ తేడా తెలుసుకోవడం మిషను పట్టే ప్రతి ఒక్కరికీ అవసరం.

పురుగు నేర్పిన పాఠం

మిషనుకు సొంతంగా భాగాలు చేసుకోవడం కొత్త సంగతి కాదు. జర్మనీలో ఆండ్రియాస్ స్టీల్ అనే ఇంజనీరు 1926లో కరెంటుతోను, 1929లో పెట్రోలుతోను నడిచే రంపం మిషన్లు తయారు చేశాడు. అవి ఇద్దరు మనుషులు రెండు వైపులా పట్టుకోవలసినంత బరువు. ఇంజను బాగానే ఉన్నా గొలుసు మాత్రం తలనొప్పిగా ఉండేది. చేతి రంపం పళ్ళ వంటి పళ్ళు చెక్కను గీకేవి, త్వరగా మొద్దుబారేవి. సానపట్టడానికే చాలా పొద్దు పోయేది.

దానికి విరుగుడు కనిపెట్టింది అడవిలో మాన్లు కొట్టే పనివాడు. అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రంలో జోసెఫ్ కాక్స్ అనే అతను 1946లో ఒక మొద్దులో పెంకుపురుగు పిల్ల చెక్కను తొలుచుకు పోవడం గమనించాడు. ఆ పురుగు దవడలు కుడికి ఒకసారి, ఎడమకు ఒకసారి తిప్పుతూ నారకు అడ్డంగాను, నిలువుగాను సులువుగా కోస్తున్నది. ఆ దవడల తీరులోనే వంపు తిరిగిన పళ్ళు కుడి ఒకటి, ఎడమ ఒకటిగా ఉండే గొలుసును అతడు రూపొందించాడు. 1947లో పోర్ట్‌లండ్ పట్టణంలో తన ఇంటి నేలమాళిగలోనే తయారీ మొదలుపెట్టాడు. నేడు లోకమంతటా వాడుతున్న గొలుసులకు మూలం అదే. వాడే మనిషికి పనిముట్టు లోపం ఎంత బాగా తెలుస్తుందో చెప్పడానికి ఇంతకన్న నిదర్శనం అక్కరలేదు.

ముందు కొలత, తరువాత కోత

ఏ భాగం చేయించాలన్నా, కొనాలన్నా ముందుగా మిషను కొలతలు తెలిసి ఉండాలి. గొలుసులో మూడు రకాల ముక్కలుంటాయి. కోసే పళ్ళు, వాటిని కలిపే పట్టీలు, బారు గాడిలో నడిచే అడుగు లింకులు. వరుసగా ఉన్న మూడు రివెట్ల మధ్య దూరం కొలిచి రెండుతో భాగిస్తే వచ్చేదే పిచ్. పిచ్ సాధారణంగా అంగుళంలో ఎనిమిదింట మూడు వంతులు, అంటే తొమ్మిదిన్నర మిల్లీమీటర్లు గాని, 0.325 అంగుళం, అంటే ఎనిమిదింపావు మిల్లీమీటర్లు గాని ఉంటుంది. అడుగు లింకు మందం 1.1, 1.3, 1.5, 1.6 మిల్లీమీటర్లలో ఏదో ఒకటి. పిచ్ గొలుసుకూ పళ్ళచక్రానికీ కలవాలి. బారు ముక్కున చిన్న చక్రం ఉంటే దానికీ కలవాలి. మందం బారు గాడికి కలవాలి. ఒక్కటి తప్పినా గొలుసు పళ్ళచక్రం మీదికి ఎక్కి తెగుతుంది, లేదా గాడిలో ఊగులాడుతుంది.

గొలుసు ఎంత వేగంతో తిరుగుతుందో చూడండి. ఎనిమిదింట మూడు వంతుల పిచ్, ఏడు పళ్ళ చక్రం ఉన్న మిషనులో ఒక్క చుట్టుకు గొలుసు 13 సెంటీమీటర్లకు పైగా నడుస్తుంది. నిమిషానికి 9,000 చుట్లయితే 1,200 మీటర్లు. అంటే సెకనుకు 20 మీటర్లు, గంటకు 72 కిలోమీటర్లు. ఎక్స్‌ప్రెస్ బస్సు వేగంతో పోతున్న కత్తి పళ్ళు మనిషి మోకాలికి జానెడు దూరంలో తిరుగుతున్నాయన్న మాట. ఈ లెక్క తెలిసినవాడు ఏ ఇనుము పడితే ఆ ఇనుముతో ముక్క చేయించడు.

ఊళ్ళో చేయించుకోదగినవి

మొదటిది మిషను ముందు భాగంలో ఉండే పంజా. మానుకు గుచ్చి మిషనును ఆనించి కోయడానికి పనికివచ్చే పళ్ళ రేకు ఇది. చిన్న మిషన్లకు వచ్చే పంజా పళ్ళు పొట్టివి. తుమ్మ, చింత వంటి దళసరి బెరడు మాన్లకు అవి ఆనవు. పాత పంజాను ఊడదీసి అట్టముక్క మీద గీసుకొని, పళ్ళు కాస్త పొడవుగా దిద్ది, మూడు మిల్లీమీటర్ల ఇనుప రేకులో కోయించుకోవచ్చు. ఇక్కడ మూడు జాగ్రత్తలు ముఖ్యం. పంజా గొలుసుకు తగలరాదు. చేతి ముందున్న బ్రేకు కవచం కదలికకు అడ్డం రారాదు. బోల్టు పాతదాని కంటే పొడవుండరాదు. పొడుగు బోల్టు బిగిస్తే లోపలి పోత లోహం పగిలి, మిషను మూలపడుతుంది.

రెండవది పలకలు కోసే చట్రం. కూలిన వేప, మామిడి మొద్దును ఉన్నచోటనే పలకలుగా కోసుకోవడానికి బారుకు రెండు బిగింపులు, పైన ఒక జారుడు చట్రం చాలు. చదరపు గొట్టాలతో వెల్డింగు షాపులో చేయించవచ్చు. బారుకు రంధ్రాలు వేయరాదు, బిగింపుతోనే పట్టించాలి. ఆ బిగింపు గొలుసు నడిచే గాడిని నొక్కకూడదు, బారు ముక్కున ఉండే చక్రం మీద పడకూడదు. నిలువు కోతకు గొలుసు పళ్ళను 30 డిగ్రీలకు బదులు 10 డిగ్రీల వాలులో సానపడితే పలక నున్నగా వస్తుంది. ఇంజను మీద భారం ఎక్కువ కనుక చిన్న మిషనుతో ఈ పనికి దిగరాదు.

మూడవది సానపట్టే దిమ్మె. మొద్దులోకి దిగగొట్టి బారును కదలకుండా పట్టి ఉంచే ఇనుప పట్టకారు ఇది. కొలిమిలో అరపూట పని. నాలుగవది చెట్టు కోసేటప్పుడు కోత మూసుకుపోకుండా దిగగొట్టే వాలు చెక్క. దీనిని ఇనుముతో చేయించరాదు, గొలుసు తగిలితే పళ్ళు ఎగిరిపోతాయి. గట్టి కర్రతోనే చేయించాలి. బారుకు తొడిగే చెక్క ఒర కూడా వడ్రంగి చేయగలడు. బండి మీద మిషను మోసుకుపోయేవారికి అది తప్పనిసరి.

ఇనుములో తేడాలు

లేతు షాపులో సాధారణంగా దొరికే మెత్త ఇనుములో కర్బనం తక్కువ. దానిని ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచినా గట్టిపడదు. పంజాకు, చట్రానికి అది చాలు. అరుగుదల ఉన్న చోట పనికిరాదు. మన కమ్మరులు కొడవళ్ళకు, కత్తులకు వాడే లారీ కమాను పట్టీలో కర్బనం ఎక్కువ. దానిని ఎర్రగా కాల్చి బూడిదలో నెమ్మదిగా చల్లారనిస్తే మెత్తబడి ఆకురాయికి లొంగుతుంది. ఆకారం దిద్దిన తరువాత, అయస్కాంతం అంటుకోనంత వరకు కాల్చి నూనెలో ముంచితే బిరుసెక్కుతుంది. ఆ బిరుసులోనే వదిలేస్తే గాజులా పగులుతుంది. కనుక మళ్ళీ సన్నని వేడి మీద నీలిరంగు తిరిగే వరకు కాచి పదును దించాలి. ఈ విద్య మన కొలిమి పనివారికి తరతరాలుగా తెలిసినదే.

ప్రాణం మీదికి తెచ్చేవి

గొలుసు ముక్కలు, రివెట్లు, క్లచ్ స్ప్రింగులు, బ్రేకు పట్టీ, పళ్ళచక్రం ఊళ్ళో చేయించరాదు. మెత్త ఇనుముతో చేసిన పళ్ళచక్రం చూడడానికి కొత్తదానిలాగే ఉంటుంది. త్వరలోనే పళ్ళు అరిగి పిచ్ మారిపోతుంది, దానితో కొత్త గొలుసు కూడా పాడవుతుంది. రెండు గొలుసులు అరిగేసరికి చక్రం కూడా మార్చడం మేలు. క్లచ్ స్ప్రింగు బిగువు తగ్గితే మిషను ఉత్తగా నడుస్తున్నప్పుడు కూడా గొలుసు తిరుగుతుంటుంది. పక్కనున్న కూలి కాలికి తగలడానికి అంతకంటే ఏమి కావాలి?

కొందరు ఏడు పళ్ళ చక్రం తీసి ఎనిమిది పళ్ళది వేయిస్తారు. గొలుసు వేగం ఏడింట ఒక వంతు పెరిగే మాట నిజమే. కాని లాగే బలం ఎనిమిదింట ఒక వంతు తగ్గుతుంది. గట్టి మానులో ఇంజను మూలుగుతుంది. ఇంకొందరు సైలెన్సరుకు పెద్ద బెజ్జం పెట్టిస్తారు. పొగ త్వరగా పోయి బలం కాస్త పెరిగినా కార్బురేటరును దానికి తగ్గట్టు సరిచేయకపోతే పెట్రోలు చాలక పిస్టను పట్టేస్తుంది. నిప్పురవ్వలను ఆపే జల్లెడ కూడా తీసివేస్తే ఎండుగడ్డి ఉన్న మన కొండ వాలుల్లో వేసవిలో కార్చిచ్చుకు దారి తీసినట్లే.

మిషను పెట్టె తరచుగా మెగ్నీషియం కలిసిన తేలికపాటి లోహంతో పోసినది. దానికి గ్యాసు మంట పెట్టరాదు. దాని రజను అంటుకుంటే తెల్లని వెలుగుతో మండుతుంది. నీళ్ళు పోస్తే మంట మరింత రేగుతుంది, పొడి ఇసుక మాత్రమే చల్లాలి. మరలు చెడిన రంధ్రాన్ని పెద్దది చేసి, లోపల ఇనుప బుష్ వేసి, పాత కొలతకే మర తిప్పించుకోవడం సరైన మార్గం. ఇది మంచి లేతు పనివాడు చేయగల పని.

ఆకురాయే అసలు మందు

మిషను బలం చాలడం లేదని భాగాలు మార్పించే ముందు గొలుసు నుంచి రాలే పొట్టును చూడాలి. చిన్న చిన్న చెక్క రేకులు రాలుతుంటే పదును ఉన్నట్లు. పిండిలా రాలితే మొద్దుబారినట్లు. 0.325 పిచ్‌కు 4.8 మిల్లీమీటర్ల గుండ్రని ఆకురాయి, ఎనిమిదింట మూడు వంతుల పిచ్‌కు 5.2 లేదా 5.5 మిల్లీమీటర్లది వాడాలి. ప్రతి పన్నునూ ఒకే వాలులో, ఒకే లెక్కన, లోపలి నుంచి బయటికి రాయాలి. పన్ను ముందుండే గుబ్బ పన్ను కంటే 0.65 మిల్లీమీటరు తక్కువగా ఉండాలి. ఆత్రపడి గుబ్బను మరీ అరగదీస్తే పన్ను లోతుగా కరిచి మిషను మనిషి మీదికి ఎగిరిపడుతుంది. బారు ముక్కు పైభాగం మానుకు తగిలినప్పుడు కూడా ఇదే ప్రమాదం.

కాలిన ఇంజనాయిలును గొలుసుకు పోయడం కూడా మంచిది కాదు. అందులోని లోహపు నలుసులు బారును, నూనె పంపును తినేస్తాయి. పెట్రోలులో కలిపే టూ స్ట్రోక్ నూనె మిషను పుస్తకంలో చెప్పిన పాళ్ళలోనే పోయాలి. యాభైకి ఒకటి అంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు, ఇరవై అయిదుకు ఒకటి అంటే 40 మిల్లీలీటర్లు.

చెక్క చెంచాల ఊరు చెప్పేది

ఉదయగిరి చెక్క చెంచాలు, గరిటెలు భౌగోళిక గుర్తింపు పొందిన చేతిపని. దుర్గం కొండల మీద దొరికే నర్ది, బిక్కి వంటి కర్రలతో వీటిని చెక్కుతారు. ఈ పనిలో చేతికి తగిన పనిముట్టు లేనిదే నగిషీ లేదు. ఆకురాయి సన్నదనం, రంపం పన్ను, ఉలి వంపు చేసే వస్తువును బట్టి మారుతాయి. చేతికి తగ్గట్టు పనిముట్టును దిద్దుకోవడమనే ఆ తెలివినే రంపం మిషనుకూ వాడుకోవాలి. అయితే ఉలి జారితే వేలు తెగుతుంది, గొలుసు తెగితే మనిషే పోవచ్చు.

ఇంకొక మాట. మిషను చేతిలో ఉన్నంత మాత్రాన కనపడిన చెట్టునల్లా కోయరాదు. 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం మినహాయింపు ఉన్న రకాలు తప్ప చెట్లు కొట్టడానికి ముందస్తు అనుమతి కావాలి. ఎర్రచందనం సొంత పొలంలో మొలిచినా అనుమతి లేకుండా ముట్టరాదు. రిజర్వు అడవిలో చెట్టు కోయడం 1967 నాటి అటవీ చట్టం కింద నేరం. కూలికి ఆశపడి వెలిగొండల్లోకి మిషను మోసుకుపోయినవాడికి మిషనూ దక్కదు, ఇల్లూ దక్కదు.

ఈ ప్రాంతంలో కొలిమి పనివారికి, లేతు పనివారికి నేర్పు ఉంది. లేనిదల్లా కొలత పరికరాలు, ఏ భాగానికి ఏ ఇనుము వాడాలన్న వివరం. ఐ.టి.ఐ., పాలిటెక్నిక్ బోధకులు ఏడాదికి ఒకసారైనా ఆత్మకూరు, ఉదయగిరి వంటి చోట్ల రెండు రోజుల తరగతులు పెట్టి వెర్నియర్ పట్టడం, ఇనుము గుర్తించడం, గొలుసు సానపట్టడం నేర్పితే ఎంతో మేలు జరుగుతుంది. ఆ లోగా మిషను యజమానులు గొలుసు, చక్రం, క్లచ్ స్ప్రింగు ఒక్కొక్కటి అదనంగా కొని పెట్టెలో ఉంచుకోవడం మంచిది. పనికి తెచ్చే కూలీల ప్రాణానికి యజమానే పూచీ అన్న సంగతి మరువరాదు.