గాజు పాకం

రండి రండి, చెప్పులు అక్కడ వదిలి ఈ అరుగు మీద సర్దుకుని కూర్చోండి. పల్లీ పట్టీల డబ్బా నా ఒళ్ళోనే ఉంది, ఎక్కడికీ పోదు. ఇవాళ్టి కబురుకి దానితో పని ఉంది, అందుకే ముందే పంచడం లేదు.

మా మనవరాలు అహ్మదాబాదు నుంచి సెలవులకి వచ్చింది కదా. మొన్న లిఫ్టు దగ్గర మూడో అంతస్తు పెద్దమ్మ ఆపి, "ఏం చదువుతున్నవ్ బిడ్డా?" అని అడిగింది. "గ్లాస్ డిజైన్ పెద్దమ్మా" అంది ఇది. ఆవిడ కాసేపు ఆలోచించి, "స్టీలు గ్లాసులా, ప్లాస్టిక్ గ్లాసులా?" అంది. నవ్వకండి! తప్పు ఆవిడది కాదు, మన వాడుకది. మనకి గ్లాసు అంటే నీళ్ళు తాగేది, అది దేనితో చేసినా సరే. కిటికీకి పెట్టేది అద్దం. చేతికి వేసుకునేవి గాజులు. ఆ గాజులు దేనితో చేస్తారో దాని పేరూ గాజే. ఒక్క వస్తువు మూడు పేర్లు పెట్టుకుని మన ఇంట్లో తిరుగుతోంది, మనం పోల్చుకోవడం లేదు.

అది చదివేది నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో. 1961లో పెట్టిన సంస్థ అది. అక్కడ సిరామిక్, గ్లాస్ డిజైన్ కలిపి పీజీ కోర్సు ఉంది. ఒకవైపు మట్టి, ఒకవైపు గాజు, రెండింటికీ నిప్పే గురువు. ఈ పిల్లకి అందులో బాగా నచ్చింది బట్టీ పని. కిల్న్ అంటారు వాళ్ళు. గాజుని ఊదరు, గొట్టం పట్టుకుని ఊపరు. చల్లటి గాజు పలకని బట్టీలో పెట్టి, మూత వేసి, వేడి పెంచుతారు, దించుతారు. అంతే. "మరి ఇందులో నేర్చుకునేది ఏముంది?" అన్నాను. "పాకం తాతా" అంది. నా చెవులు నిక్కపొడుచుకున్నాయి. పాకం సంగతి నాకు తెలుసు, మీ నాయనమ్మ దగ్గర నలభై ఏళ్ళు గరిట పట్టుకున్నవాణ్ణి.

ఇప్పుడు తీయండి తలా ఒక పట్టీ. తినకండి, వెలుతురుకి ఎదురుగా పెట్టి చూడండి. పల్లీల మధ్య ఎర్రగా, నిగనిగలాడుతూ, కాస్త ఆవలి వెలుతురు కనిపించేలా ఉంది చూశారా? విరిస్తే టప్పుమని పదునుగా విరుగుతుంది. అది గాజే! తినే గాజు. పటికబెల్లం ముక్కలో చక్కెర కణాలు బడిలో ప్రేయరుకి నిలబడ్డ పిల్లల్లా వరసలు కట్టి ఉంటాయి. అదే చక్కెరని కరిగిస్తే, సాయంత్రం ఆరింటికి దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు ముందు జనంలా కలగాపులగం. ఆ జనం వరసలు కట్టుకునే వ్యవధి ఇవ్వకుండా చల్లారిస్తే, ఎక్కడివాళ్ళు అక్కడే బిగుసుకుపోతారు. కిటికీ అద్దంలోనూ జరిగింది అదే, చక్కెర బదులు ఇసుక.

ఇసుక ఒక్కదాన్నే కరిగించాలంటే 1,700 డిగ్రీలు కావాలి. ఏ పొయ్యి తట్టుకుంటుంది? అందుకని సోడా కలుపుతారు, ఇసుక తొందరగా లొంగుతుంది. కాని సోడా ఎక్కువైన గాజు నీళ్ళకి నానిపోతుంది, దాన్ని నిలబెట్టడానికి సున్నం. ఇసుక, సోడా, సున్నం, ఇంతే కిటికీ అద్దం. పూర్వం మన దేశంలో సోడాకి ఎవరూ బజారుకి పోలేదు, చౌడు నేల మీద తెల్లగా పొంగే ఉప్పు తెచ్చుకున్నారు. చాకలివాళ్ళు బట్టలు ఉడకబెట్టిన చౌడే గాజుకీ పనికొచ్చింది. ఇక ఇసుక అంటారా, గూడూరు దగ్గర చిల్లకూరు, కోట వైపు నేలంతా తెల్లని సిలికా ఇసుకే. గాజు ఫ్యాక్టరీలకి లారీలు లారీలు పోతుంది.

మంచుగడ్డ సున్నా డిగ్రీల దగ్గర ఒక్కసారి కరిగి నీళ్ళవుతుంది, దానికి మధ్య దశ లేదు. గాజు అట్లా కాదు. బెల్లం లేత పాకం, తీగ పాకం, ఉండ పాకం అయినట్టు మెట్టు మెట్టుగా మారుతుంది, కాకపోతే ఇక్కడ వేడి పెరిగేకొద్దీ ముదరదు, మెత్తబడుతుంది. 650, 700 మధ్య పలక తన బరువుకి తానే నడుం వంచుతుంది. కింద గుంట ఉన్న అచ్చు పెడితే అందులోకి వాలి గిన్నె అవుతుంది, రొట్టె పిండిని మూకుట్లోకి వదిలినట్టు. 750 దగ్గర రెండు ముక్కలు పక్కపక్కన పెడితే అంటుకుంటాయి, కాని ఎవరి ఆకారం వాళ్ళదే. 800 దాటాక పూర్తిగా కలిసి ఒక్క పలక అయిపోతాయి. కింద గాజు అచ్చుకి అతుక్కోకుండా తెల్లమట్టి, అల్యూమినా కలిపిన నీళ్ళు పూస్తారు, పెనానికి నూనె రాసినట్టు.

మనవరాలు ఇంకో సంగతి చెప్పగానే నాకు లడ్డూలు గుర్తొచ్చాయి. పాకం మీద ధ్యాస తప్పితే ఏమవుతుంది? పలుకులు కడుతుంది, అవునా? నిమ్మరసం పిండి కాపాడుకుంటాం. గాజుకీ ఆ జబ్బు ఉంది. 700 పైన ఎక్కువసేపు కూర్చోబెడితే పైన పలుకు కట్టి తెల్లగా మసకబారుతుంది. అందుకని ఆ దారిలో దిక్కులు చూడకుండా గబగబా దాటేస్తారు.

ఊదడం లేని గాజు పని ఏదో కొత్త ఫ్యాషన్ అనుకునేరు. గొట్టంతో గాజు ఊదడం సుమారు రెండు వేల ఏళ్ళ కిందట సిరియా, పాలస్తీనా తీరంలో పుట్టింది. అంతకుముందే రంగు ముక్కలు పేర్చి, వేడికి కలిపి, అచ్చు మీద వాల్చి గిన్నెలు చేశారు. మరి మన సంగతి? రేణిగుంటకీ శ్రీకాళహస్తికీ మధ్య పాపానాయుడుపేట అని ఊరు ఉంది. అక్కడి గాజు పూసల పని పాండిచ్చేరి పక్కన అరికమేడులో తవ్వకాల్లో దొరికిన పూసల పద్ధతికి వారసత్వం. ఇనప గొట్టం చివర గాజుని బోలు ముద్దగా పట్టి, బట్టీలో తిప్పుతూ ఉంటే, ఎదురుగా ఒకతను దాన్ని బోలుగా ఉండే సన్నటి తీగలా లాగుతూనే ఉంటాడు. గంటలు! తీగ పాకం అంటే అదీ. తర్వాత ఆ బోలు తీగని చిన్న చిన్న ముక్కలు నరికి, బూడిదలో కలిపి మళ్ళీ వేడి చేస్తారు. అంచులు గుండ్రబడతాయి, బూడిద దూరి ఉంటుంది కనక రంధ్రం పూడదు. ఎంత తెలివి! పీటర్ ఫ్రాన్సిస్ అనే అమెరికా పూసల పరిశోధకుడు ఈ ఊరి పని చూసి, రాసి, లోకానికి చెప్పాడు. మనం తిరుపతి పోతూ ఎన్నిసార్లు ఆ దారి పక్క నుంచి పోయామో.

సరే, ఇది చూడండి. జాగ్రత్త, అంచు పదును. మనవరాలు చేసిన మొదటి గిన్నె, రెండు చెక్కలయింది. పాపం, బట్టీ ఇంకా రెండు వందల డిగ్రీల దగ్గర ఉండగానే, ఎట్లా వచ్చిందో చూద్దామని మూత ఎత్తింది. మన కుమ్మరి ఆవం కాల్చిన మర్నాటిదాకా ముట్టుకోడు, ఊరికేనా? గాజు వేడిని బద్ధకంగా మోస్తుంది. పైపొర చల్లబడి కుంచించుకుంటే, లోపలి పొర ఇంకా వేడిగా ఉబ్బి ఉంటుంది, ఇద్దరూ చెరో వైపు లాగుతారు. మందపాటి గాజు గ్లాసులో మరిగే టీ పోస్తే చిట్లడం కూడా ఈ గుంజులాటే. అందుకే 500 దాటిన చోట వేడిని ఆపి, గాజంతా ఒకే వేడికి వచ్చేదాకా కూర్చోబెట్టి, తర్వాత నెమ్మదిగా దించుతారు. మందం పెరిగేకొద్దీ గంటలు రోజులవుతాయి. అమెరికాలో పాలోమార్ కొండ మీది దూరదర్శిని అద్దం ఉంది కదా, రెండు వందల అంగుళాలది, దాన్ని 1934 డిసెంబరులో పోత పోసి చల్లార్చడానికి పది నెలలు పట్టింది. తొమ్మిది నెలలకి బిడ్డ పుడుతుంది!

ఇంకో తంటా ఉంది, వియ్యం తంటా. రంగు గాజు పలకల పెట్టెల మీద 90 అనో 96 అనో రాసి ఉంటుంది. వేడికి ఎంత సాగుతుందో చెప్పే అంకె అది. 90 రకం కడ్డీ మీటరు పొడుగుది తీసుకుని నూరు డిగ్రీలు వేడి చేస్తే మిల్లీమీటరుకి కాస్త తక్కువ పెరుగుతుంది. ఇంత చిన్న తేడాకి ఏమవుతుందిలే అని రెండు రకాలూ కలిపేస్తే, బట్టీలో చక్కగా కలిసిపోతాయి, పెళ్ళిలో వియ్యపురాళ్ళలాగే. చల్లబడ్డాక మొదలవుతుంది, ఒకటి ఎక్కువ ముడుచుకుంటుంది, రెండోది ఒప్పుకోదు, పగులుతుంది. లాబ్‌లో బీకరు ఎందుకు పగలదంటారా? దాని సాగుడు ఇందులో మూడో వంతే.

ఇంత చదువూ ఎందుకు, షోకేసులో పెట్టుకోడానికా అని మీ నాన్న అడుగుతాడు, నాకు తెలుసు. ఎల్బీనగర్ చౌరస్తాలో నిలబడి ఒక్కసారి చూడమను. విజయవాడ వైపు పోయే కార్ల ముందద్దాలు అన్నీ వంపు తిరిగి ఉంటాయి. చాలావాటిని వంచేది ఇట్లాగే, చుట్టూ అంచు మీద ఆనించి, వేడి చేసి, తన బరువుతో వాలనిచ్చి. రెండు పలకల మధ్య ప్లాస్టిక్ పొర పెడతారు, పగిలినా మీద పడకుండా. వెనకద్దం కథ వేరు. దాన్ని 600 దాటేదాకా వేడి చేసి, చిన్న చిన్న గొట్టాల్లోంచి చల్లటి గాలి ఉఫ్‌మని కొడతారు. మన పిల్ల గిన్నెని పగలగొట్టిన ఆ గుంజులాటనే ఇక్కడ కావాలని, సమానంగా పెట్టి, గాజుని గట్టిపరుస్తారు. అందుకే పగిలితే కత్తుల్లా కాకుండా పటికబెల్లం పలుకుల్లా రాలుతుంది.

ఆ గాలి దెబ్బల గుర్తులు గాజులో ఉండిపోతాయి, మామూలు కంటికి కనపడవు. కంటి ఆపరేషన్ తర్వాత నాకు ఇచ్చిన పోలరాయిడ్ నల్లద్దాలు పెట్టుకుని చూస్తే వెనకద్దం మీద వరసగా మచ్చలు కనిపిస్తాయి, చిరుతపులి తోలులా. మనవరాలు కూడా కాలేజీలో ఇటువంటి రెండు పొరల మధ్య తన గిన్నెని పెట్టి, లోపల ఇంకా గుంజులాట మిగిలిందేమో చూస్తుందట.

నేను మాట పూర్తి చేసేలోపు పట్టీలూ అయిపోయాయి, నా కళ్ళద్దాలూ మాయమయ్యాయి. ఇప్పుడు పది మంది పిల్లలు సెల్లారులో ఒక్కో కారు వెనకా తలలు వంచి తిరుగుతున్నారు. వాచ్‌మన్ మెట్లెక్కి వచ్చాడు. "సార్, పిల్లలది ఏమన్న పోయిందా?"