వీజిల్‌గారి గోదావరి చుట్టం

ఇంగ్లీషు కథలలో 'వీజిల్' అనే జంతువు ఎదురయితే మనకు వెంటనే ముంగిస గుర్తుకు వస్తుంది. అదే పొడుగు వొళ్లు, అవే పొట్టి కాళ్లు. కాని వాటికి చుట్టరికం లేదు. ముంగిసది పునుగుపిల్లి, దుమ్ములగొండి పక్షం. వీజిళ్లు మన దేశంలో హిమాలయాలలోనూ, ఈశాన్యపు కొండలలోనూ వుంటవి. మన ప్రాంతంలో వాటికి అసలైన జ్ఞాతి నీటికుక్క.

వీజిళ్లలో చిన్నది ఎలుక కన్నంలో దూరి ఎలుకను పట్టగలదు. పిల్లులూ కుక్కలూ చేరిన మాంసాహార వర్గంలో అంతకన్న చిన్న జంతువు లేదు. సన్నని వొంటికి వేడి నిలవదు గనుక అది మాటిమాటికీ తినాలి. నీటికుక్కకూ యిదే తంటా. పైగా వేట నీళ్లలో! అందుకే దానికి రెండు పొరల బొచ్చు వున్నది. లోపలి పొర దట్టం. నీరు చర్మాన్ని అంటదు. ఆ బొచ్చే దాని ప్రాణం మీదికి తెచ్చింది. వేటగాళ్లకు కావలసింది అదే.

అమలాపురానికి ఈశాన్యంగా, గౌతమి దాటితే కోరింగ మడ అడవులు. 1978లో వాటిని అభయారణ్యం చేశారు. అక్కడ నీటికుక్కలు గుంపులుగా తిరుగుతవి. వలలోని చేపను ఎత్తుకుపోతే జాలరికి కోపం రాదూ? బంగ్లాదేశ్‌లో సుందరవనాల వైపు జాలరులు కొందరు మాత్రం వాటిని మచ్చిక చేసి, వాటిచేతనే చేపలను వలలోకి తోలిస్తారు.

1972 నాటి చట్టం వీటి వేటను నిషేధించింది. 2019లో అంతర్జాతీయ వ్యాపారమూ నిషిద్ధమయింది. అయితే చట్టం ఒక్కటే చాలదు. మడ నరికి రొయ్యల చెరువు తవ్వినచోట చేపపిల్లకు నీడ వుండదు. చేప లేనినాడు జాలరికీ, నీటికుక్కకూ కూడా పస్తే.