పాత కారు పొల్యూషన్ టెస్ట్‌లో ఫెయిలైందా? ముందు ఈ రెండు నంబర్లు చూడండి

పొల్యూషన్ సర్టిఫికెట్ లేకుండా రోడ్డెక్కితే రూ.10,000 వరకు ఫైన్ పడొచ్చు. అలాగని కంగారుపడి ఖరీదైన క్యాటలిటిక్ కన్వర్టర్ మార్చేయకండి. ముందు రీడింగ్ చూడండి.

బీఎస్-4 పెట్రోల్ కారుకు ఐడిల్‌లో కార్బన్ మోనాక్సైడ్ 0.3 శాతం, హైడ్రోకార్బన్లు 200 పీపీఎం దాటకూడదు. మొదటిది ఎక్కువుంటే ఎయిర్ ఫిల్టర్, ఆక్సిజన్ సెన్సార్ చెక్ చేయించండి. రెండోది ఎక్కువుంటే పెట్రోల్ సరిగా మండట్లేదన్నమాట, స్పార్క్ ప్లగ్‌లు చూడాలి.

2013 ఏప్రిల్ తర్వాత తయారైన కారైతే ఓబీడీ-2 పోర్ట్‌కి బ్లూటూత్ అడాప్టర్ పెట్టి, ఫోన్‌లోనే ఎర్రర్ కోడ్ చదవొచ్చు. కోడ్ వెంటనే క్లియర్ చేయొద్దు. లైట్ ఆరిపోతుంది కానీ లోపం అలాగే ఉంటుంది, పైగా అది వచ్చినప్పటి డేటా చెరిగిపోతుంది. స్క్రీన్‌షాట్ తీసి మెకానిక్‌కి చూపించండి. రిపేరయ్యాక ఓ 15 నిమిషాలు నడిపి, ఇంజిన్ వేడిగా ఉండగానే మళ్లీ టెస్ట్ చేయించండి.