లైసెన్సు కార్డు వచ్చింది... తుపాకి కొనలేదు

2023 జూన్ నెలాఖరు. రాత్రి ఒంటిగంట దాటింది. చాండ్లర్‌లో మేముండే ఇంటికి పాతిక మైళ్ల దూరంలో ఒక గోడౌన్ ఫ్లోరుకు కాంక్రీటు పోస్తున్నారు. ఇక్కడి ఎండలో పగలు పోస్తే ఫినిషింగ్ చేసేలోపే బిగుసుకుపోతుంది. అందుకే ఎండాకాలం పోతలన్నీ అర్ధరాత్రే. మాలో ఒకరం సైటులో, ఇంకొకరం పిల్లలతో ఇంట్లో. అప్పుడొచ్చింది ఇంటి నుంచి ఫోన్... "పక్క గేటు గడియ ఎవరో కదుపుతున్నారండీ. ఏం చేయను?"

911కు ఫోన్ చేస్తే ఏడెనిమిది నిమిషాల్లో పోలీసులు వచ్చారు. అప్పటికి అక్కడ ఎవరూ లేరు. గడియ మాత్రం వంగి ఉంది. పోయిందేమీ లేదు, ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ ఆ ఏడెనిమిది నిమిషాలు మా ఇద్దరి నిద్రనూ నెలల తరబడి తినేశాయి.

మేమంటే భార్యాభర్తలం. ఒకరం కన్‌స్ట్రక్షన్ సూపర్‌వైజర్, ఒకరం నర్సు. కరీంనగర్ జిల్లాలో పుట్టి, పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చదివి, ఆరేళ్లు దుబాయ్‌లో పనిచేసి, చివరికి నర్సు ఉద్యోగం మీద వచ్చిన గ్రీన్‌కార్డుతో ఇక్కడ తేలాం. మా చిన్నప్పుడు, అంటే 1990లలో, మా ఊరి చుట్టుపక్కల తుపాకి రెండు చోట్లే ఉండేది. అడవిలో అన్నల దగ్గర, స్టేషన్‌లో పోలీసుల దగ్గర. మధ్యలో ఉన్నవాడికి ఉండేది భయమే. దుబాయ్ క్యాంపులో ఆరేళ్లున్నా తుపాకి అన్న మాటే చెవిన పడలేదు. అలాంటి మేము తుపాకి లైసెన్సుకు దరఖాస్తు పెట్టాం!

"ఇంకా కొనలేదా?"

గేటు సంగతి సైటులో చెబితే అందరిదీ ఒకటే ప్రశ్న... "ఇంకా కొనలేదా?" వాళ్లకది టార్చిలైటు కొనుక్కోవడం లాంటిది. మన వాళ్లలోనూ ఈ చర్చ కొత్తదేం కాదు. 2001 సెప్టెంబరు 15న మా పక్క ఊరు మెసాలో బల్బీర్ సింగ్ సోధీ తన గ్యాస్ స్టేషన్ ముందు ఉండగా ఒకడు ట్రక్కులోంచి కాల్చి చంపాడు. తలపాగా చూసి చేసిన హత్య. 2017 ఫిబ్రవరి 22న కాన్సాస్‌లోని ఓలేత్‌లో మన హైదరాబాదీ ఇంజినీరు శ్రీనివాస్ కూచిభొట్లను బార్‌లో కాల్చేశారు. ఇలాంటి ఘటన జరిగిన ప్రతిసారీ మన పార్టీల్లో ఎవరో ఒకరు "మన దగ్గరా ఒకటుండాలి" అంటారు. కానీ నిదానంగా ఆలోచిస్తే... ట్రక్కులోంచి ఒక్కసారిగా కాల్చినవాడి ముందు నడుముకు తుపాకి ఉన్నా తీసే సమయం ఏదీ?

ఈ ప్రశ్న మాకు తర్వాత తట్టింది. అప్పటికైతే వంగిన గడియే కళ్ల ముందుంది.

కార్డు అక్కర్లేని చోట కార్డు ఎందుకు?

మన దేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం కింద లైసెన్సు తెచ్చుకోవాలంటే దరఖాస్తు, పోలీసు విచారణ, ఆఫీసుల చుట్టూ ప్రదక్షిణలు. ఎన్నికలొస్తే ఆ తుపాకిని కూడా స్టేషన్‌లో అప్పగించమంటారు. అరిజోనా దీనికి పూర్తిగా రివర్సు. షాపులో 4473 నంబరు ఫారం నింపాలి. ఎఫ్‌బీఐ రికార్డుల్లో అడ్డేమీ లేదని తేలితే అదే రోజు చేతిలో పెట్టేస్తారు. రాష్ట్రానికి వెయిటింగ్ పీరియడ్ అంటూ లేదు. పైగా 2010 జులై 29 నుంచి, 21 ఏళ్లు నిండి చట్టం వద్దనని వారెవరైనా పర్మిట్ లేకుండానే చొక్కా కింద పెట్టుకుని తిరగొచ్చు.

మరి లైసెన్సు దేనికి? మేమూ ఇదే అడిగాం. మొదటి కారణం బడి. స్కూలు ఆవరణ నుంచి వెయ్యి అడుగుల లోపు తుపాకి ఉండకూడదని ఫెడరల్ చట్టం. రాష్ట్రం ఇచ్చిన పర్మిట్ ఉన్నవాళ్లకు దాంట్లో మినహాయింపు ఉంది. చాండ్లర్‌లో ఏ సందు తిరిగినా ఒక బడి తగులుతుంది. పిల్లల్ని రోజూ దింపే తల్లిదండ్రులు పర్మిట్ లేకుండా తుపాకి పెట్టుకుంటే తెలియకుండానే ఫెడరల్ నేరంలో కాలు పెట్టినట్టే. పర్మిట్ ఉన్నా సరే, బడి ఆవరణలోకి కారు తిప్పేముందు తూటాలు తీసేయాలి. కారు దిగితే తుపాకిని కనపడకుండా లోపలే పెట్టి తాళం వేయాలి. రెండో కారణం, మద్యం అమ్మే రెస్టారెంట్‌లోకి దాచుకుని వెళ్లాలంటే పర్మిట్ ఉండాలి, చుక్క కూడా తాగకూడదు. మూడోది, పర్మిట్‌ను గుర్తించే వేరే రాష్ట్రాలకు వెళ్లినప్పుడు పనికొస్తుంది.

జులైలో ఇద్దరం ఒక శనివారం క్లాసుకు వెళ్లి సర్టిఫికెట్ తెచ్చుకున్నాం. తలా 60 డాలర్లు, రెండేసి వేలిముద్రల కార్డులు జతచేసి రాష్ట్ర పబ్లిక్ సేఫ్టీ డిపార్ట్‌మెంట్‌కు పంపాం. చెకింగ్‌కు వాళ్లకు 60 రోజుల గడువు. ఆ తర్వాత కార్డు పంపడానికి మరో 15 పనిదినాలు. కార్డు వచ్చాకే తుపాకి కొనాలని ఇద్దరం ఒట్టు పెట్టుకున్నాం.

ఎదురుచూపుల్లో నేర్చుకున్నది

క్లాసులో నాలుగు సూత్రాలు నూరిపోశారు. ప్రతి తుపాకిలోనూ తూటా ఉందనే అనుకో. నాశనం చేయదలచుకోని దేని వైపూ గొట్టం తిప్పకు. గురి కుదిరేదాకా ట్రిగ్గర్ మీద వేలు పెట్టకు. గురి చూసేదేమిటో, దాని వెనుక ఏముందో తెలుసుకో. వీటికి ఇంత ప్రచారం తెచ్చిన జెఫ్ కూపర్ 1976లో శిక్షణ కేంద్రం పెట్టింది మా అరిజోనాలోని పాల్డెన్‌లోనే.

ఫీనిక్స్‌కు ఉత్తరాన ఉన్న బెన్ ఏవరీ రేంజిలో సాధన చేశాం. నర్సమ్మ తూటాలు నల్ల వృత్తంలో పడ్డాయి, సూపర్‌వైజర్‌గారివి కాగితం అంచున! ఇంటి దగ్గర నీలం రంగు ప్లాస్టిక్ డమ్మీని నడుముకు కట్టుకుని కూర్చోవడం, లేవడం, ట్రక్కెక్కడం అలవాటు చేసుకున్నాం. అక్కడే మొదటి చిక్కు. సైటు మనిషి నడుముకు కుడివైపు టేపు, ఎడమవైపు రేడియో, పైన సేఫ్టీ హార్నెస్ పట్టీలు. ఇక ఒర ఎక్కడ? అసలు సైటు గేటు దగ్గరే ఆయుధాలు నిషేధమని బోర్డు ఉంటుంది. అంటే రోజుకు పది గంటలు తుపాకి ట్రక్కులోనే పడి ఉండాలి. ట్రక్కు అద్దం పగలగొట్టడానికి దొంగకు అర నిమిషం చాలు.

రెండో చిక్కు ఇంకా పెద్దది. మన ఊళ్లో తొమ్మిదంగుళాల ఇటుక గోడ. ఇక్కడి ఇంట్లో గదికీ గదికీ మధ్య ఏముంటుందో కట్టేవాళ్లం కాబట్టి మాకు బాగా తెలుసు. అటొకటి, ఇటొకటి అర అంగుళం జిప్సమ్ బోర్డు, మధ్యలో కర్రలు, ఖాళీ. పిడికిలితో గట్టిగా గుద్దితే చిల్లు పడే గోడకు 9 ఎంఎం తూటా ఆగుతుందా? ఒక రాత్రి మా బెడ్‌రూమ్ తలుపు దగ్గర నిలబడి, దొంగ హాల్లో ఉన్నాడనుకుని డమ్మీతో గురిపెట్టి చూశాం. గురి వెనుక గోడ, గోడ వెనుక మా చిన్నోడి మంచం. నాలుగో సూత్రం అక్కడే అడ్డం పడింది.

సైటులో ప్రతి సోమవారం టూల్‌బాక్స్ టాక్‌లో మేము చెప్పేదే అప్పుడు గుర్తొచ్చింది. ముందు ప్రమాదాన్ని తొలగించు, తర్వాత అడ్డుకట్ట వేయి, హెల్మెట్ చివరి మాట. తుపాకి కూడా హెల్మెట్ లాంటిదే, చివరి మాట. మరి మొదటివి చేశామా? లేదు. ఆ ఆదివారం గేటుకు లోపలి నుంచి తాళం వేశాం. మనిషి కదిలితే వెలిగే లైట్లు పెట్టాం. వీధి తలుపు గడియ పట్టీకి ఉన్న ముప్పావు అంగుళం స్క్రూలు పీకి, లోపలి కర్రలో దిగేలా మూడంగుళాలవి బిగించాం. మొత్తం ఖర్చు తుపాకి ధరలో పావు వంతు కాలేదు.

వీసా మీద ఉన్నవాళ్లు ముట్టుకోకూడదు!

జులై చివర్లో బావమరిది ఉద్యోగం పోయింది. హెచ్-1బీ మీద సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేస్తున్నాడు. ఉద్యోగం పోతే వాళ్లకుండే గడువు ఎక్కువలో ఎక్కువ 60 రోజులు. ఈలోగా కొత్త కంపెనీ పిటిషన్ వేయాలి, లేదంటే స్టేటస్ మార్చుకోవాలి, లేదంటే దేశం విడిచి వెళ్లాలి. టెంపీలో అపార్ట్‌మెంట్ ఖాళీ చేసి మా ఇంటికి వచ్చేశాడు. ఆ వారం లాయరును కలిసినప్పుడు మాటల్లో మా లైసెన్సు సంగతి చెప్పాం. ఆయన చెప్పింది విన్నాక నోట మాట రాలేదు.

1998లో తెచ్చిన ఫెడరల్ నిబంధన ప్రకారం నాన్‌ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవారు తుపాకి గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోకూడదు. హెచ్-1బీ, ఎల్-1, ఎఫ్-1, పిల్లల్ని చూడటానికి విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలు... అందరూ దాని కిందికే వస్తారు. 2022 నుంచి గరిష్ఠ శిక్ష 15 ఏళ్ల జైలు. ఆ పైన దేశం నుంచి పంపేసే ప్రమాదం. అరిజోనాలో పర్మిట్ అక్కర్లేదన్న మాట పట్టుకుని "మనమూ పెట్టుకోవచ్చు" అనుకునేవాళ్లు మనలో ఎందరో!

సరదాగా రేంజికి వెళ్లి రెండు రౌండ్లు కాల్చి, ఫొటో పెట్టుకున్నా కొంప మునిగే అవకాశం ఉంది. ఫ్లోరిడాలో స్టూడెంట్ వీసా స్టేటస్ పోయిన యూఏఈ యువకుడొకడు రేంజిలో కాల్చినందుకే కేసులో ఇరుక్కున్నాడు. 2019లో సుప్రీంకోర్టు దాకా వెళ్లిన రెహైఫ్ కేసు అదే. తనకు స్టేటస్ లేదని నిందితుడికి తెలుసని ప్రభుత్వం రుజువు చేయాలని కోర్టు చెప్పింది గానీ, నిషేధాన్ని ఎత్తేయలేదు. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్సు ఉన్నవారికి మినహాయింపు ఉంది. చట్టం ఒప్పుకున్నా ప్రమాదం ఒప్పుకోదు. 2024 నవంబరులో అట్లాంటాలో ఉప్పల్‌కు చెందిన 23 ఏళ్ల ఎంఎస్ విద్యార్థి పుట్టినరోజు నాడే వేట తుపాకి శుభ్రం చేస్తుండగా పేలి చనిపోయిన వార్త మనమంతా చదివాం.

ఇక మా ఇంటి సంగతి. తుపాకి మా పేరు మీదున్నా, పెట్టె తాళం బావమరిదికి అందేలా ఉంటే అది అతని ఆధీనంలో కూడా ఉన్నట్టేనని వాదించే వీలుందన్నారు లాయరు. కాబట్టి పెట్టె నంబరు మా ఇద్దరికి తప్ప ఎవరికీ తెలియకూడదట.

ఒకే ఇంట్లో రెండు అరవైలు

ఆ ఏడాది ఫీనిక్స్‌లో వరసగా 31 రోజులు 110 డిగ్రీల ఫారెన్‌హీట్ తగ్గలేదు. మన లెక్కలో 43 సెల్సియస్. బయట ఆ ఎండ, ఇంట్లో రెండు అరవైలు. మేము లైసెన్సు చెకింగ్ రోజులు లెక్కపెడుతున్నాం, బావమరిది వీసా రోజులు లెక్కపెడుతున్నాడు. మొదట్లో పిల్లలతో ఆడేవాడు. నెల గడిచేసరికి గది తలుపు మూసుకోవడం మొదలైంది. పెళ్లి సంబంధం వెనక్కి పోయింది. ఊళ్లో నాన్నకు ఉద్యోగం పోయిన సంగతే చెప్పలేదు. "అన్నం తిన్నావారా?" అంటే "తిన్నా అక్కా" అనేవాడు, పళ్లెం చూస్తే పొడిగా ఉండేది.

ఒక రాత్రి డ్యూటీ నుంచి వచ్చి నర్సమ్మ వంటింట్లోనే కూర్చుండిపోయింది. "కార్డు వచ్చినా వాడు ఈ ఇంట్లో ఉన్నన్నాళ్లు తుపాకి గడప దాటొద్దు" అంది. చట్టం గురించి కాదు ఆ మాట. ఎమర్జెన్సీలో ఆమె చూసే కేసుల గురించి. ఈ దేశంలో 2022లో తుపాకి వల్ల చనిపోయినవాళ్లు 48 వేల పైచిలుకు. అందులో 27 వేల మంది తమను తామే కాల్చుకున్నవాళ్లు. గేటు దగ్గరి దొంగను గురించే ఆలోచించిన మేము, మూసిన తలుపు వెనుక ఉన్న మనవాడి గురించి ఆలోచించలేదు.

మర్నాటి నుంచి వాణ్ని ఒంటరిగా వదల్లేదు. తెల్లవారుజామున పోత ముగిసే వేళకు సైటుకు టీ తెమ్మని పిలిచేవాళ్లం. 988కి ఫోన్ చేస్తే పగలైనా రాత్రైనా మాట్లాడతారని అక్కే దగ్గర కూర్చుని చెప్పింది. నాన్నకు ఫోన్ కలిపి నిజం చెప్పించాం. ఆయన అన్నది ఒకటే... "ఉద్యోగం పోతే పోనీ బిడ్డా, నువ్వు ఇంటికి రా."

యాభై రెండో రోజున డాలస్ కంపెనీ ఒకటి పిటిషన్ వేసింది. వెళ్లేముందు సూట్‌కేసు సర్దుతూ, అల్మారాలో మేము కొనిపెట్టిన లాక్ బాక్స్ చూశాడు. పాస్‌పోర్టుల కోసం తెరిచే ఉంది. "దీంట్లో ఏం పెట్టలేదా బావా?" అన్నాడు. లేదన్నాం. కాసేపు దాన్నే చూసి, "మంచి పని చేశారు" అన్నాడు. ఎందుకని మేము అడగలేదు. అతనూ చెప్పలేదు.

కార్డులు సెప్టెంబరు చివర్లో పోస్టులో వచ్చాయి. ఐదేళ్లు చెల్లుతాయి. అక్టోబరులో దసరా. ఇక్కడ జమ్మి దొరకదు గానీ దాని చుట్టం మెస్కీట్ ఎక్కడ చూసినా ఉంటుంది. మన సర్కారు తుమ్మ జాతే. దాని రెమ్మ తెచ్చి పూజలో పెట్టాం. టేపు, లెవెల్, హెల్మెట్, స్టెతస్కోపు వరసగా పేర్చి పసుపు కుంకుమ పెట్టాం. "మరి పిస్టల్ ఏది మమ్మీ?" అని చిన్నోడు అడిగాడు. పాండవులు పరాయి ఊళ్లో తలదాచుకున్న ఏడాది ఆయుధాలను జమ్మి చెట్టు మీదే ఉంచారని కథ చెప్పాం.

ఎప్పటికీ కొనబోమని ఒట్టేమీ పెట్టుకోలేదు. కొనుక్కున్న వాళ్లను తప్పుపట్టడమూ లేదు. కొనాలనుకునే మన వాళ్లకు చెప్పేది ఒక్కటే... దొంగ ఎటు నుంచి వస్తాడో చూసుకునే ముందు, మీ ఇంట్లో ఎవరి వీసా ఏమిటో, ఎవరి మనసు ఎలా ఉందో ఒకసారి చూసుకోండి.