ఎముక కనబడితే ఎముక కుళ్ళిపోయినట్టేనా? పడక పుండ్లు, ఎముక ఇన్ఫెక్షన్ గురించి మీ ప్రశ్నలకు జవాబులు

పడక పుండ్ల మీద చేసిన ఎపిసోడ్ తర్వాత చాలామంది ఒకే ప్రశ్న వేరే వేరే మాటల్లో అడిగారు. "నాన్నకు నడుం కింద పుండు పడింది, ఎముక కనిపిస్తోందంటున్నారు. ఇన్ఫెక్షన్ ఎముకలోకి వెళ్ళినట్టేనా? ఆరు వారాలు నరానికి మందెక్కించాల్సిందేనా?" డల్లాస్ నుంచి అడిగినవాళ్ళున్నారు, దుబాయ్ నుంచి ఇంటికి ఫోన్ చేసి కనుక్కుని అడిగినవాళ్ళూ ఉన్నారు. ఎపిసోడ్‌లో రెండు నిమిషాల్లో చెప్పేశాను. ఇక్కడ నిదానంగా రాస్తున్నాను. నేను అమెరికాలో గాయాల విభాగంలో పనిచేసే నర్సుని. మీ డాక్టరు చెప్పింది మార్చడానికి ఇది రాయడం లేదు. ఆయన్ని సరైన ప్రశ్న అడగడానికి పనికొస్తే చాలు.

ముందుగా పుండు సంగతి. మంచంలో గానీ, వీల్‌చైర్‌లో గానీ కదలకుండా ఉంటే ఎముకకూ పరుపుకూ మధ్య కండ నలుగుతుంది, రక్తం ఆడదు. నడుం కింద తోక ఎముక పైభాగం, పిరుదుల కింద కూర్చునే ఎముక, తుంటి పక్కభాగం, మడమ... ఎక్కువగా పుండ్లు పడేది ఈ చోట్లే. దీన్ని నాలుగు దశలుగా లెక్కిస్తారు. 1వ దశలో చర్మం రంగు మారుతుంది. 2వ దశలో పైతోలు పోతుంది. 3లో లోపలి కొవ్వు కనిపిస్తుంది. 4లో కండరం, ఎముక బయటపడతాయి. నల్లటి పెచ్చు కట్టి అడుగు కనిపించకపోతే దశ చెప్పలేమని రాస్తారు. పుస్తకాల్లో 1వ దశకు "ఎర్రదనం" అని ఉంటుంది గానీ మన ఒంటిరంగు మీద ఎరుపు సరిగ్గా కనబడదు. చుట్టుపక్కల కంటే నల్లగా, ఊదాగా ఉందా, ముట్టుకుంటే వేడిగా, గట్టిగా ఉందా అని చూడండి.

ఇది చిన్న విషయం కాదు. సూపర్‌మ్యాన్ సినిమా హీరో క్రిస్టఫర్ రీవ్ 1995లో గుర్రం మీదనుంచి పడి, మెడ కింద ఒళ్ళంతా చచ్చుబడింది. 2004 అక్టోబరు 10న న్యూయార్క్ రాష్ట్రంలో, 52 ఏళ్ళ వయసులో చనిపోయాడు. పడక పుండు నుంచి మొదలైన ఇన్ఫెక్షన్ ఒళ్ళంతా పాకిందనీ, దానికి చికిత్స జరుగుతుండగా గుండె ఆగిందనీ అప్పట్లో ప్రకటించారు. డబ్బుకీ, మనుషులకీ కొదవలేని ఇంట్లోనే అలా జరిగింది. పరంజా మీదనుంచి పడి వెన్నెముక దెబ్బతిని ఇంటికి చేరిన మన గల్ఫ్ అన్నల ఇళ్ళల్లో ఎంత జాగ్రత్త కావాలో వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఎముక కనిపించడం వేరు, ఎముకలో ఇన్ఫెక్షన్ ఉండడం వేరు. తెరిచి ఉన్న ఏ పుండు మీదైనా సూక్ష్మక్రిములు ఉంటాయి. ఎముక బయటపడితే దాని మీద కూడా చేరతాయి. అవి పైన కూర్చున్నాయా, లోపల మూలుగలోకి దిగి ఎముకను తింటున్నాయా అన్నదే తేల్చుకోవాలి. లోపలికి దిగితే దాన్ని ఆస్టియోమైలైటిస్ అంటారు. డాక్టరు "ఎముక బయటపడింది" అంటే, ఇంట్లో అనువాదం చేసే పిల్లాడు "ఎముక కుళ్ళిపోయిందంట" అని చెప్పడం నేను చాలాసార్లు విన్నాను. ఆ ఒక్క మాటతో ఇల్లంతా ఏడుపు.

అనుమానం ఎప్పుడు రావాలి? 4వ దశ పుండు, బరువు పడకుండా చూస్తున్నా, తిండి బాగానే పెడుతున్నా వారాల తరబడి మానకపోతే. పైన మూసుకున్నట్టే ఉండి చిన్న రంధ్రంలోంచి చీము కారుతూ ఉంటే. కారణం తెలియని జ్వరం వస్తుంటే. వెన్నెముక దెబ్బతిన్నవాళ్ళకు అక్కడ నొప్పి తెలియదు కాబట్టి "నొప్పి లేదులే" అని ఊరుకోకూడదు. వాళ్ళలో కాళ్ళ బిగుసులు ఎక్కువవడమే గుర్తు కావచ్చు. ఛాతీ మధ్యభాగం, అంతకంటే పైన దెబ్బ తగిలినవాళ్ళకు ఉన్నట్టుండి బీపీ పెరిగి, తలనొప్పి, చెమటలు పడితే అది అత్యవసరం.

ఇక పరీక్షలు. ఒక్కొక్కటి ఏం చెప్పగలదో, ఏం చెప్పలేదో చూద్దాం.

రక్త పరీక్షలు: ఈఎస్ఆర్, సీఆర్‌పీ. ఒంట్లో ఎక్కడో వాపు, మంట ఉందని చెప్తాయి, ఎక్కడో చెప్పలేవు. మూత్రం ఇన్ఫెక్షన్ ఉన్నా పెరుగుతాయి, పుండు వల్లా పెరుగుతాయి. చికిత్స మొదలయ్యాక తగ్గుతున్నాయా అని చూసుకోవడానికి బాగా పనికొస్తాయి.

పుల్లతో తడిమి చూడడం: శుభ్రమైన పుల్లను పుండులోకి పెట్టి గట్టిగా ఎముక తగులుతుందా చూస్తారు. దీనికి పేరొచ్చింది 1995లో షుగరు వ్యాధివాళ్ళ కాలి పుండ్ల మీద వచ్చిన అధ్యయనంతో. పడక పుండ్లకు దాన్ని అలాగే అన్వయించలేం. ఎముక తగిలితే అనుమానం పెరుగుతుంది, అంతే.

పుండు మీద దూదిపుల్లతో తీసే కల్చర్: అందరూ దీన్నే గట్టిగా నమ్ముతారు, దీన్నే తక్కువగా నమ్మాలి. పైన పాకిన క్రిములన్నీ అందులో వస్తాయి. ఎముక లోపల ఉన్నది ఏదో అది చెప్పలేదు. "రిపోర్టులో బ్యాక్టీరియా వచ్చింది" అన్నంత మాత్రాన ఎముకకు ఇన్ఫెక్షన్ ఉన్నట్టు కాదు.

ఎక్స్‌రే: చవక, వెంటనే అవుతుంది. కానీ ఎముకలోని ఖనిజం 30 నుంచి 50 శాతం పోయేదాకా మార్పు కనబడదు. అందుకు రెండు వారాలైనా పడుతుంది. మొదట్లో ఎక్స్‌రే బాగుందని ధీమా పనికిరాదు.

ఎంఆర్ఐ: ఫొటోల్లో ఇదే మేలు. అందులో ఎముక మామూలుగా ఉంటే ఇన్ఫెక్షన్ ఉండే అవకాశం బాగా తక్కువ. తిరకాసు ఏంటంటే, రోజుల తరబడి ఒత్తిడి పడిన ఎముకలో ఇన్ఫెక్షన్ లేకపోయినా నీరు చేరి, ఫిల్మ్‌లో అచ్చం ఇన్ఫెక్షన్ లాగే కనిపించవచ్చు. కాబట్టి రిపోర్టులో "ఉండవచ్చు" అని రాస్తే దాన్ని "ఉంది" అని చదువుకోకండి.

ఎముక ముక్క తీసి చూడడం, అంటే బయాప్సీ: చివరి మాట దీనిదే. చచ్చిన కండను శుభ్రం చేసే ఆపరేషన్‌లోనో, పక్కన బాగున్న చర్మంలోంచి సూదితోనో తీస్తారు. రెండు ముక్కలు కావాలి. ఒకటి ఏ క్రిమో, దానికి ఏ మందు పనిచేస్తుందో చూడడానికి, రెండోది మైక్రోస్కోపు కింద ఎముక నిజంగా జబ్బుపడిందా అని చూడడానికి. మనిషి నిలకడగా ఉంటే దీనికి ముందు యాంటీబయాటిక్స్ కొన్నాళ్ళు, వీలైతే రెండు వారాలు, ఆపుతారు. లేకపోతే ఉన్న క్రిమి కూడా కల్చర్‌లో మొలవదు. ఆ ఆపడం డాక్టరు చెప్తేనే, మీ అంతట మీరు కాదు. ఒంటికి ఇన్ఫెక్షన్ పాకుతుంటే మాత్రం ఆగరు, మందు వెంటనే మొదలుపెడతారు.

ఇంత తేల్చుకోవడం ఎందుకు, ఎందుకైనా మంచిదని మందు ఎక్కించేస్తే పోలా అంటారు. నరానికి వారాల తరబడి మందంటే చేతిలో పొడవాటి గొట్టం. ఆ గొట్టానికి ఇన్ఫెక్షన్ రావచ్చు, రక్తం గడ్డకట్టవచ్చు, కిడ్నీ దెబ్బతినవచ్చు, తీవ్రమైన విరేచనాలు పట్టుకోవచ్చు. పైగా ఇంకో మాట ఉంది. 2019లో లాస్ ఏంజెలెస్ డాక్టర్లు నడుం కింద పుండ్ల మీద అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ తిరగేశారు. చచ్చిన ఎముకను తీసి, పుండును కండతో కప్పే ఆపరేషన్ చేయకుండా వట్టి యాంటీబయాటిక్స్ ఇస్తే మేలు జరుగుతుందని ఆధారం దొరకలేదన్నారు. ఆపరేషన్ చేసినా ఆరు వారాలకు మించి మందు ఇవ్వడానికి ఆధారం లేదన్నారు. పుండు తెరిచే ఉండి, దాని మీద ఒత్తిడి పడుతూనే ఉంటే మందు ఆగిన మర్నాటి నుంచి కథ మళ్ళీ మొదలే. కాబట్టి మొదట అడగాల్సింది "ఏ మందు?" అని కాదు, "ఈ పుండును మూసే ప్లాన్ ఏంటి?" అని.

డాక్టరు దగ్గర ఈ నాలుగూ అడగండి, ఇండియాలో ఉన్న అమ్మానాన్నల కోసమైతే ఫోన్‌లో అడగండి: ఎముకకు ఇన్ఫెక్షన్ అని ఏ పరీక్ష చూసి అంటున్నారు? బయాప్సీ అవసరమా, అక్కర్లేకపోతే ఎందుకు? మందు ఎన్ని వారాలు, ఎప్పుడు ఆపుతారు? పుండును ఎవరు, ఎప్పుడు మూస్తారు?

అమెరికాలో ఉన్నవాళ్ళకు నాలుగు మాటలు. ఫెడరల్ డబ్బు తీసుకునే ఆసుపత్రులు మీకు ఉచితంగా దుబాసీని ఇవ్వాలి. "తెలుగు ఇంటర్‌ప్రెటర్" అని అడగండి, ఫోన్‌లోనైనా, వీడియోలోనైనా కలుపుతారు. పిల్లల చేత చెప్పించకండి. ఎంఆర్ఐ, బయాప్సీ రిపోర్టులు మీ పోర్టల్‌లో చూసుకునే హక్కు మీకుంది. లాభాపేక్ష లేని ఆసుపత్రులకు బిల్లు సాయం పాలసీ ఉండి తీరాలి, దరఖాస్తు అడగండి. అమ్మానాన్నల విజిటర్ ఇన్సూరెన్స్‌లో పాత జబ్బుల షరతు వాళ్ళు విమానం ఎక్కకముందే చదవండి.

జ్వరం, వణుకు, ఆయాసం, మాట తడబాటు, బీపీ పడిపోవడం కనిపిస్తే మాత్రం పరీక్షల సంగతి తర్వాత, వెంటనే 911కి చేయండి. 1986 నాటి చట్టం ప్రకారం ఎమర్జెన్సీలో ముందు మనిషిని చూడాలి, ఇన్సూరెన్స్ సంగతి తర్వాతే.

వచ్చే ఎపిసోడ్‌లో మంచంలో ఉన్న మనిషిని ఒక్కరే ఎలా పక్కకు తిప్పాలో చెప్తాను. పడుకున్నవాళ్ళను రెండు గంటలకోసారి తిప్పడం ఈరోజు నుంచే మొదలుపెట్టండి.